చర్మానికి పూత సరే, ఎముకల మాటేమిటి?

ఏటా అక్టోబర్ 20న ప్రపంచ ఆస్టియోపోరోసిస్ దినం జరుపుతారు. సరిగ్గా తొమ్మిది రోజులకు, 29న, ప్రపంచ సోరియాసిస్ దినం వస్తుంది. మొదటి రోజున ఎముకల డాక్టర్లు మాట్లాడతారు. రెండో రోజున చర్మవ్యాధుల డాక్టర్లు మాట్లాడతారు. ఆ రెండు జబ్బులూ ఒకే మనిషిలో, అందులోనూ నలభై దాటిన ఒకే ఆడమనిషిలో, కలిసి ఉండే అవకాశం ఉందన్న మాట మాత్రం ఈ రెండు రోజుల్లోనూ అరుదుగా వినిపిస్తుంది.

2014లో ప్రపంచ ఆరోగ్య సభ సోరియాసిస్ మీద ప్రత్యేకంగా ఒక తీర్మానం చేసింది. ఇది అంటుకోని జబ్బనీ, పూర్తిగా నయం కాదనీ, నొప్పితోపాటు మనిషిని వికలాంగుల్ని కూడా చేయగలదనీ దేశాలన్నీ ఒప్పుకున్నాయి. 2025 మేలో అదే సభ ఇంకో అడుగు వేసి, చర్మవ్యాధులన్నిటినీ ప్రపంచ ప్రజారోగ్య సమస్యగా గుర్తిస్తూ మరో తీర్మానం ఆమోదించింది. సంతోషమే. కానీ జెనీవాలో చేసిన తీర్మానం మన ఊరి ఆస్పత్రి దాకా వచ్చేసరికి ఏమవుతోంది? సోరియాసిస్ వచ్చిన స్త్రీకి ఒక ట్యూబు రాసిచ్చి పంపేస్తున్నారు. ఆమె నడుం నొప్పి, మడమ నొప్పి, ముట్లు ఎప్పుడు ఆగాయి, ఎన్నేళ్ళుగా ఏ మాత్రలు మింగుతోంది అని అడిగే తీరిక ఎవరికీ ఉండడం లేదు. ఆ అడగని ప్రశ్నల్లోనే ఆమె ఎముకల భవిష్యత్తు ఉంది.

చర్మంతో ఆగని జబ్బు

సోరియాసిస్ ఎలా ఉంటుందో చాలామంది చూసే ఉంటారు. మోచేతుల మీద, మోకాళ్ళ మీద, నడుం దిగువన, తలలో ఎర్రటి మచ్చలు లేస్తాయి. వాటిమీద వెండిరంగు పొలుసులు కట్టి పొట్టులా రాలుతుంటాయి. ప్రపంచంలో కనీసం పది కోట్లమందికి ఈ జబ్బు ఉందని 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నివేదిక చెప్పింది. మన దేశంలో జరిగిన అధ్యయనాల్లో నూటికి 0.44 నుంచి 2.8 మంది వరకు లెక్క తేలింది. చిన్న సంఖ్యలా కనిపించినా, మన జనాభాతో లెక్కవేస్తే అరవై లక్షలకు తక్కువ కాదు.

పొలుసులు కట్టేది చర్మం మీదే అయినా అసలు గొడవ ఒంటి లోపల, రోగాలతో పోరాడాల్సిన రక్షణ వ్యవస్థలో ఉంది. శత్రువు లేకపోయినా ఆ వ్యవస్థ యుద్ధం చేస్తూనే ఉంటుంది. ఆ యుద్ధంలో టి.ఎన్.ఎఫ్., ఐ.ఎల్.-17, ఐ.ఎల్.-23 వంటి రసాయనాలు పుట్టి రక్తంలో తిరుగుతుంటాయి. అవి చర్మం దగ్గర ఆగిపోవు. గుండె నాళాల దాకా, కీళ్ళ దాకా, ఎముకల దాకా వెళ్తాయి.

ఎముక అంటే మనం కర్రలాంటి ప్రాణంలేని వస్తువు అనుకుంటాం. నిజానికి ఎముక ఎప్పుడూ మరమ్మతు జరుగుతూ ఉండే ఇల్లు లాంటిది. పాత ఎముకను తవ్వే కణాలు కొన్ని, కొత్త ఎముకను కట్టే కణాలు కొన్ని. తవ్వకం, కట్టడం సమానంగా సాగినంత కాలం ఎముక గట్టిగా ఉంటుంది. పైన చెప్పిన రసాయనాలు ఎక్కువైతే తవ్వే కణాలకు బలం వస్తుంది, కట్టే కణాలు మందగిస్తాయి. 2016లో స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌లోని పరిశోధకులు ఎలుకల మీద, సోరియాసిస్ ఉన్న మనుషుల మీద పరిశీలించి, ఐ.ఎల్.-17 ఎముక కట్టే కణాల పనిని అడ్డుకుంటోందని చూపించారు. చర్మం మీది వాపు ఎముకను దూరం నుంచే తినగలదన్నమాట.

అలాగని మోచేతి మీద రెండు మచ్చలున్న ప్రతివారికీ ఎముకలు గుల్లబారిపోతాయని కంగారుపడక్కర్లేదు. ఈ విషయంలో పరిశోధనలన్నీ ఒకే మాట చెప్పడం లేదు. జబ్బు తక్కువగా ఉన్నవారిలో ఎముకల సాంద్రత మామూలుగానే ఉన్నట్లు చెప్పినవీ ఉన్నాయి. జబ్బు ఒళ్ళంతా పాకినవారికి, ఏళ్ళ తరబడి ఉన్నవారికి, కీళ్ళకు దిగినవారికి ముప్పు ఎక్కువ. దానికి ఇంకో మూడు నాలుగు కారణాలు తోడైతే మరీ ఎక్కువ. ఆ తోడయ్యే కారణాలన్నీ మన ఆడవాళ్ళ జీవితాల్లో సిద్ధంగా ఉండడమే ఇక్కడ అసలు సమస్య.

ఒసాకాలో బయటపడిన చుట్టరికం

చర్మానికీ ఎముకకూ చుట్టరికం ఉందని వైద్యలోకానికి తెలిసిన తీరు కూడా విచిత్రంగానే ఉంటుంది. 1985లో జపాన్‌లోని ఒసాకాలో ఇద్దరు వైద్యులు, ఎముకలు గుల్లబారిన ఒక రోగికి విటమిన్ డి రకానికి చెందిన మందు ఇచ్చారు. మందు ఇచ్చింది ఎముకల కోసం. కానీ ఆ రోగికి ఎంతోకాలంగా ఉన్న తీవ్రమైన సోరియాసిస్ అనూహ్యంగా తగ్గిపోయింది. ఆ దారిలో జరిగిన పరిశోధనల వల్లే విటమిన్ డి నుంచి తయారైన కాల్సిపోట్రియాల్ అనే పూతమందు ఇవాళ ప్రపంచమంతా సోరియాసిస్‌కు వాడుతున్నారు.

విటమిన్ డి ఎముకకు సున్నం అందేలా చూస్తుంది. చర్మ కణాలు అదుపు తప్పి పెరగకుండా కూడా చూస్తుంది. దాన్ని తయారుచేసేది ఎండ తగిలిన మన చర్మమే. అంటే చర్మం, ఎండ, ఎముక, ఈ మూడూ ఒకే తాడుకు కట్టి ఉన్నాయి. ఒకదాన్ని చూసి మిగతా రెండింటినీ వదిలేస్తే వైద్యం సగమే అవుతుంది.

దాచుకునే చర్మం, అందని ఎండ

ఈ తాడు మన దగ్గర తెగేది ఎక్కడో చూడండి. మచ్చలు రాగానే అమ్మాయి పొడుగు చేతుల జాకెట్టు వేయడం మొదలుపెడుతుంది. పెళ్ళిళ్ళకు వెళ్ళడం మానేస్తుంది. కాలేజీలో పక్క బెంచీవాళ్ళు జరిగి కూర్చుంటారు. 'కుష్టేమో', 'అంటుకుంటుందేమో' అన్న గుసగుసలు. పెళ్ళి సంబంధం కుదిరేదాకా ఇంట్లోవాళ్ళే గడప దాటనివ్వరు. పెళ్ళయిన తర్వాత బయటపడితే 'దాచిపెట్టి కట్టబెట్టారు' అని అత్తింట్లో నిందలు. దాంతో ఎండ తగలాల్సిన ఒంటికి నీడే గతి అవుతుంది.

తమాషా ఏమిటంటే ఈ జబ్బుకు ఎండే ఒక వైద్యం. ఆస్పత్రుల్లో ఇచ్చే కాంతిచికిత్స ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో పనికొచ్చే భాగాన్ని కొలతగా వాడుకోవడమే. దానివల్ల మచ్చలు తగ్గడంతోపాటు రక్తంలో విటమిన్ డి కూడా పెరుగుతుంది. అలాంటి ఎండను మచ్చలు కనిపిస్తాయన్న సిగ్గుతో వదులుకుంటున్నాం.

ఎండకు కరువులేని మన ప్రాంతంలో విటమిన్ డి లోపం ఏమిటని మీరు అడగవచ్చు. తిరుపతిలోని స్విమ్స్ వైద్యులు ఇరవయ్యేళ్ళ కిందటే చిత్తూరు జిల్లాలో ఆరోగ్యంగా ఉన్న పల్లెవాసుల్ని, పట్నవాసుల్ని పరీక్షించి, విటమిన్ డి తక్కువగా ఉండడం, తిండిలో సున్నం చాలకపోవడం రెండూ విస్తారంగా ఉన్నాయని తేల్చారు. ఏ జబ్బూ లేనివాళ్ళ సంగతే అలా ఉంటే, ఒళ్ళు దాచుకుని నీడపట్టున బతికే సోరియాసిస్ స్త్రీల సంగతి ఊహించుకోండి.

'కీళ్ళవాతం లేదు' అన్న రిపోర్టు

సోరియాసిస్ ఉన్నవారిలో కొందరికి కీళ్ళజబ్బు కూడా వస్తుంది. దీన్ని సోరియాటిక్ ఆర్థరైటిస్ అంటారు. విదేశీ లెక్కల్లో నూటికి ముప్ఫై మంది దాకా ఉన్నారు. మన దేశపు అధ్యయనాల్లో అంతకంటే తక్కువ కనిపించింది. ఎక్కువమందిలో ముందు చర్మం మీద మచ్చలు వస్తాయి. సుమారు పదేళ్ళకు కీళ్ళు పట్టుకుంటాయి. ఈ పదేళ్ళ ఎడంవల్లే రెండింటికీ సంబంధం ఉందని రోగికి తోచదు. చర్మానికి ఒక డాక్టరు, కీళ్ళకు ఇంకో డాక్టరు. ఒకరికి చెప్పింది ఇంకొకరికి చెప్పం.

ఈ కీళ్ళజబ్బులో ఎముకకు రెండు రకాల నష్టం జరుగుతుంది. ఒకచోట ఎముక కొరికినట్లు అరిగిపోతుంది. ఇంకోచోట అవసరం లేని ఎముక ముల్లులా పెరుగుతుంది. వేళ్ళు వంకర పోవడం, వెన్నుపూసలు అతుక్కుని నడుం బిగుసుకుపోవడం దీనివల్లే.

పరీక్షల్లోనూ ఒక చిక్కు ఉంది. కీళ్ళవాతం అనగానే రక్తంలో రుమటాయిడ్ ఫ్యాక్టర్ పరీక్ష చేయిస్తారు. సోరియాటిక్ ఆర్థరైటిస్‌లో ఆ పరీక్షలో సాధారణంగా ఏమీ కనిపించదు. 'నీకు కీళ్ళవాతం లేదమ్మా, పని ఎక్కువై నొప్పులు, నలభై దాటాక మామూలే' అని నొప్పి మాత్రలిచ్చి పంపిస్తారు. ఆమె కూడా నిజమే కాబోలనుకుని రుబ్బుతూ, ఉతుకుతూ ఉంటుంది. ఆరు నెలలు ఆలస్యమైనా కీళ్ళకు జరిగే నష్టం ఎక్కువవుతుందని 2015లో ఐర్లండ్ వైద్యులు తమ రోగుల అనుభవంతో తేల్చారు. మన దగ్గర ఆరు నెలలు కాదు, ఏళ్ళకేళ్ళు గడిచిపోతుంటాయి.

అందుకే కొన్ని గుర్తులు తెలిసి ఉండాలి. పొద్దున్నే లేవగానే కీళ్ళు అరగంటకు పైగా బిగుసుకుపోయి ఉండడం. ఒక వేలు మొదలు నుంచి కొసదాకా వాచి లావెక్కడం. మడమ వెనక, అరికాలి కింద వదలని నొప్పి. రాత్రి పడుకుంటే ఎక్కువై, లేచి తిరిగితే తగ్గే నడుం నొప్పి. గోళ్ళ మీద సూదితో పొడిచినట్లు చిన్న చిన్న గుంటలు పడడం, గోరు కిందినుంచి లేచిపోవడం. సోరియాసిస్ ఉన్నవారికి వీటిలో ఏ ఒక్కటి ఉన్నా కీళ్ళవాతపు నిపుణుల దగ్గరకు, అంటే రుమటాలజిస్టు దగ్గరకు వెళ్ళాలి. తలలో మాత్రమే మచ్చలున్నవారు, గోళ్ళు మాత్రమే చెడినవారు 'నాకున్నది కొంచెమే కదా' అని ఊరుకోకూడదు. కీళ్ళకు దిగే అవకాశం వారిలో ఎక్కువ.

చవగ్గా వచ్చే స్టెరాయిడ్, ఖరీదుగా పోయే ఎముక

ఇక అన్నిటికంటే పెద్ద దొంగ ఇంట్లోనే ఉంది. అది స్టెరాయిడ్.

మందుల షాపుకెళ్ళి 'దురదకు ఏదైనా ట్యూబు ఇవ్వండి' అంటే చేతిలో పెట్టేది చాలాసార్లు గట్టి స్టెరాయిడ్ క్రీమే. రాసిన మూడోరోజుకే మచ్చ మాయమవుతుంది. మానేసిన పదోరోజుకు రెట్టింపై వస్తుంది. మళ్ళీ ట్యూబు. ఇలా ఏళ్ళు గడుస్తాయి. చీటీ లేకుండా ఈ క్రీములు అమ్మడాన్ని అరికట్టడానికి కేంద్ర ప్రభుత్వం 2018లో 14 రకాల స్టెరాయిడ్ పూతమందుల్ని షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. అంటే డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలి. చట్టం కాగితం మీద ఉంది, ట్యూబు మాత్రం కౌంటరు మీదే ఉంది.

పైన రాసుకునే క్రీముకూ లోపలి ఎముకకూ సంబంధమేమిటంటారా? డెన్మార్క్‌లో గట్టి స్టెరాయిడ్ క్రీములు వాడిన 7 లక్షల 23 వేలమందికి పైగా రోగుల లెక్కలు తీసి 2021లో ప్రచురించారు. వాడిన మొత్తం పెరిగేకొద్దీ ఎముకలు గుల్లబారే ముప్పు, విరిగే ముప్పు కూడా పెరిగాయి. మొత్తం రెట్టింపు అయిన ప్రతిసారీ ముప్పు నూటికి మూడు వంతుల చొప్పున హెచ్చింది. ఇది చిన్న పెరుగుదలే. డాక్టరు చెప్పినట్లు కొద్దిరోజులు, కొద్ది చోట్ల రాసుకునేవారు భయపడనవసరం లేదు. అదుపులేకుండా ఏళ్ళ తరబడి ఒళ్ళంతా పట్టించేవారికే ఈ హెచ్చరిక.

క్రీముకంటే మాత్రలు, ఇంజెక్షన్లు చాలా ప్రమాదం. ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడ్ మాత్ర రోజుకు రెండున్నర మిల్లీగ్రాములు మించి మూడు నెలలపాటు వాడాల్సి వస్తే ముందే ఎముకల సంగతి చూసుకోవాలని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఎముక అతివేగంగా కరిగేది మొదటి మూడు నుంచి ఆరు నెలల్లోనే. పైగా సోరియాసిస్‌కు స్టెరాయిడ్ మాత్రలు మామూలు వైద్యం కానే కాదు. హఠాత్తుగా ఆపితే జబ్బు ఒళ్ళంతా ఎర్రబడి, చీము పొక్కులుగా తిరగబెట్టి ప్రాణం మీదికి తెస్తుంది. అయినా ఆర్.ఎం.పి. ఇచ్చే 'పవర్ ఇంజెక్షన్'లోనూ, పేరులేని పొట్లాల్లోనూ దొరుకుతున్నది చాలాసార్లు ఇదే. మూలికల మందు పేరుతో అమ్మిన పొడుల్లో స్టెరాయిడ్ కలిపినట్లు మన దేశంలో పరీక్షల్లో బయటపడిన సందర్భాలు ఉన్నాయి.

ఏ పేరుతో ఇచ్చినా సరే, ఒక మందు మొదలుపెట్టిన వారంలోనే మచ్చలన్నీ మాయమై, ఆకలి విపరీతంగా పెరిగి, మొహం గుండ్రంగా ఉబ్బితే అనుమానించాలి. అలాగని ఆ క్షణాన మానేయకూడదు. మందు పట్టుకుని డాక్టరు దగ్గరకు వెళ్ళి, వారు చెప్పినట్లు కొద్దికొద్దిగా తగ్గించుకోవాలి.

గర్భసంచితో పోయే బలం

మన రాష్ట్రాల్లో స్త్రీల ఎముకల గురించి మాట్లాడుతూ గర్భసంచి ఆపరేషన్ల ఊసెత్తకపోతే ఆ మాట పూర్తికాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళలోపు స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంమొత్తం మీద నూటికి ముగ్గురికి కాస్త ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిదిమంది, తెలంగాణలో ఎనిమిది మందికి పైగా. దేశ సగటుకు రెండున్నర రెట్లు! 'పిల్లలు పుట్టేశారు, ఇక దాంతో పనేముంది' అని ముప్ఫై అయిదేళ్ళకే తీయించేస్తున్నారు. అనవసరపు గర్భసంచి ఆపరేషన్లు అరికట్టే మార్గదర్శకాలు మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించాల్సి వచ్చింది.

స్త్రీ ఎముకను కాపాడేది ఈస్ట్రోజెన్ అనే హార్మోను. గర్భసంచితోపాటు అండాశయాలు కూడా తీసేస్తే ఆ రక్షణ ఒక్కరోజులో పోతుంది. అండాశయాలు ఉంచినా కొందరికి ముట్లుడిగే దశ మామూలుకన్నా ముందే వస్తుంది. ఎముకల బలం అందరికీ యాభై తర్వాత తగ్గడం మొదలైతే, వీరికి నలభై లోపే మొదలవుతుంది.

తిండి సంగతి సరేసరి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన డాక్టర్ వీణా శత్రుఘ్న, ఆమె సహచరులు 30 నుంచి 60 ఏళ్ళలోపు పేద స్త్రీలను పరీక్షించి 2005లో వివరాలు ప్రచురించారు. వారికి తిండి ద్వారా రోజుకు దొరుకుతున్న కాల్షియం సుమారు 270 మిల్లీగ్రాములే. తుంటి దగ్గర ఎముక గుల్లబారినవారు నూటికి 29 మంది. ఇదంతా సోరియాసిస్ లేని మామూలు స్త్రీల సంగతి.

ఇప్పుడు అన్నీ ఒకచోట పేర్చి చూడండి. ఏళ్ళ తరబడి సోరియాసిస్. గుర్తించని కీళ్ళజబ్బు. లెక్కలేని స్టెరాయిడ్. ఎండ తగలని ఒళ్ళు. పాలు పిల్లలకు, పెరుగు మగవాళ్ళకు పోగా మిగిలిన నీళ్ళ మజ్జిగ. ముప్ఫై ఎనిమిదో ఏట గర్భసంచి ఆపరేషన్. యాభై అయిదో ఏట బాత్‌రూంలో జారిపడి తుంటి ఎముక విరిగితే 'ఖర్మ' అంటాం. అందులో ఖర్మ ఎంత, మన నిర్లక్ష్యం ఎంత?

గర్భిణులకు ఒక మాట

రక్తంలో కాల్షియం బాగా తగ్గిపోతే చీము పొక్కుల రకం సోరియాసిస్ రేగే అవకాశం ఉంది. గర్భిణుల్లో, ముఖ్యంగా చివరి నెలల్లో, ఇది అరుదుగా వస్తుంది. ఎర్రబారిన చర్మం మీద చిన్న చిన్న చీము పొక్కులు లేచి జ్వరం, వణుకు, నీరసం ఉంటే ఇంట్లో పసర్లు పూస్తూ కూర్చోకూడదు. తల్లికీ బిడ్డకూ ప్రమాదం. వెంటనే పెద్దాస్పత్రికి తీసుకెళ్ళాలి. ఇంకో మాట. సోరియాసిస్‌కు వాడే మెథోట్రెక్సేట్, ఎసిట్రెటిన్ మందులు కడుపులో బిడ్డకు హాని చేస్తాయి. ఎసిట్రెటిన్ మానేశాక కూడా మూడేళ్ళపాటు గర్భం రాకుండా చూసుకోవాలి. పెళ్ళికాని అమ్మాయికి ఈ మందులు రాసేటప్పుడు ఆమెకీ, తల్లికీ ఈ సంగతి విడమరచి చెప్పాల్సిన బాధ్యత డాక్టరుది. మెథోట్రెక్సేట్ సాధారణంగా వారానికి ఒక్కరోజే వేసుకునే మందు. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాపాయం.

మనం చేసుకోగలిగింది

పెద్దవాళ్ళకు రోజుకు వెయ్యి మిల్లీగ్రాముల కాల్షియం కావాలనీ, ముట్లుడిగిన స్త్రీలకు 1200 కావాలనీ జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. తెల్లగా పట్టించిన బియ్యం వంద గ్రాముల్లో ఉండేది పది మిల్లీగ్రాములే. అదే వంద గ్రాముల రాగిపిండిలో సుమారు 350 ఉంటుంది. సీమవాళ్ళ సంగటి, తెలంగాణ అంబలి ఊరికే పుట్టలేదు. ఒక పెద్ద గ్లాసు పాలలో 300 వరకు, పిడికెడు మునగాకులో వంద దాకా, చిన్న నువ్వుల చిమ్మిలి ఉండలో వంద దాకా దొరుకుతాయి. ఒక కప్పు గట్టి పెరుగు కలిపితే వెయ్యికి దగ్గరపడతాం. చేపలు తినేవారు చిన్న చేపల్ని ముల్లుతో సహా నమిలి తింటే ఇంకా మంచిది. ఇవేవీ ఖరీదైన వంటలు కావు. వండే చెయ్యి తనకూ ఒక గ్లాసు పాలు, ఒక కప్పు పెరుగు తీసిపెట్టుకోవాలి, అంతే.

రోజూ కొంతసేపు చేతులకు, కాళ్ళకు ఎండ తగలనివ్వండి. చర్మం కమిలేదాకా నిలబడొద్దు. కమిలితే సోరియాసిస్ రేగుతుంది. డాబా మీద బట్టలు ఆరేసే సమయాన్నే దీనికి వాడుకోవచ్చు. నడక, మెట్లెక్కడం, కూర్చుని లేవడం వంటి ఒంటి బరువు కాళ్ళ మీద పడే పనులు ఎముకకు బలం. కీళ్ళు వాచినప్పుడు మాత్రం డాక్టరును అడిగి చేయాలి.

విటమిన్ డి తక్కువని తేలితే 60 వేల యూనిట్ల మందు వారానికొకటి చొప్పున కొన్ని వారాలు రాస్తారు. ఇందులో కూడా మనవాళ్ళు అతి చేస్తున్నారు. 'విటమినే కదా' అని నెలల తరబడి సొంతంగా మింగేవారున్నారు. మితిమీరితే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం, కిడ్నీల దెబ్బ. చెప్పిన వారాలకు ఆపేయాలి.

ముట్లుడిగినవారు, గర్భసంచి తీయించుకున్నవారు, స్టెరాయిడ్లు ఎక్కువకాలం వాడినవారు, చిన్న దెబ్బకే ఎముక విరిగినవారు డెక్సా స్కాన్ చేయించాలా అని డాక్టరును అడగండి. నొప్పి లేని పరీక్ష. అందులో వచ్చే టి-స్కోరు మైనస్ ఒకటి, లేదా అంతకు పైన ఉంటే మామూలే. మైనస్ ఒకటికీ మైనస్ రెండున్నరకూ మధ్య ఉంటే ఎముక పలచబడుతోందని, మైనస్ రెండున్నర, అంతకంటే కిందికి ఉంటే గుల్లబారిందని అర్థం. గుల్లబారినా మందులున్నాయి. వారానికొకసారి వేసుకునే మాత్రలు, ఏడాదికొకసారి ఇచ్చే ఇంజెక్షన్ ఉన్నాయి. ఆరు నెలలకోసారి ఇచ్చే డెనోసుమాబ్ ఇంజెక్షన్ మొదలుపెడితే మాత్రం డాక్టరుకు చెప్పకుండా మధ్యలో ఆపకూడదు. ఆపితే వెన్నుపూసలు విరిగే ప్రమాదం ఉంది.

డాక్టరు దగ్గరకు వెళ్ళేటప్పుడు ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాసుకెళ్ళండి. జబ్బు ఎన్నేళ్ళుగా ఉంది, ఇంతవరకు వాడిన ట్యూబులు, మాత్రలు, పొడులు ఏమిటి, ముట్లు ఎప్పుడు ఆగాయి, ఎక్కడెక్కడ నొప్పులున్నాయి. చర్మం డాక్టరుకూ, కీళ్ళ డాక్టరుకూ అదే కాగితం చూపించండి. వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోకపోయినా మీ కాగితం మాట్లాడుతుంది.

ప్రభుత్వం చేయాల్సింది

అన్నీ ఆడవాళ్ళ నెత్తిన వేస్తే సరిపోదు. కీళ్ళు పాడవకుండా ఆపే బయొలాజికల్ ఇంజెక్షన్లు వచ్చాయి. 2014 చివర్లో మన దేశంలో తయారైన అడాలిముమాబ్ మార్కెట్లోకి వచ్చాక ధర కొంత తగ్గింది. అయినా కూలి చేసుకునే ఇంటికి అది అందని పండే. ఆ ఇంజెక్షన్ల ముందు క్షయ పరీక్ష తప్పనిసరి. అదీ ఖర్చే. కాలు విరిగాక ఆపరేషన్‌కు పెట్టే డబ్బులో కొంత, విరగకుండా చూడడానికి పెడితే ఖజానాకూ మేలు కదా!

పెద్ద ఖర్చులేని పనులు కూడా ఉన్నాయి. ముప్ఫై దాటిన వారందరికీ బి.పి., షుగరు, కాన్సర్ పరీక్షలు చేసే పథకం దేశమంతా నడుస్తోంది. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి నింపే ఫారంలో కుష్టు అనుమానంతో చర్మం మీది మచ్చల సంగతి ఇప్పటికే అడుగుతున్నారు. 'పొలుసులు రాలుతున్నాయా? పొద్దున్నే కీళ్ళు బిగుస్తున్నాయా? గర్భసంచి తీశారా?' అని మరో మూడు ప్రశ్నలు అడిగి, అవునన్నవారిని జిల్లా ఆస్పత్రికి పంపితే ఎంతో మేలు. అక్కడ వారానికొకరోజు చర్మం, కీళ్ళ డాక్టర్లు కలిసి చూసే ఏర్పాటు, ఒక డెక్సా యంత్రం ఉండాలి. మందుల షాపుల్లో చీటీ లేకుండా స్టెరాయిడ్ అమ్మకం మీద తనిఖీ జరగాలి. గర్భసంచి తీసే ముందు ఎముకల సంగతి కూడా చెప్పి సంతకం తీసుకోవాలి.

మచ్చ పైకి కనిపిస్తుంది కనుక దాన్ని పోగొట్టుకోవాలని తాపత్రయపడతాం. ఎముక లోపల ఉంటుంది, విరిగేదాకా చప్పుడు చేయదు. ఈ అక్టోబర్‌లోనైనా మీ ఇంట్లో, మీ వీధిలో సోరియాసిస్ ఉన్న అక్కనో, పిన్నినో, అత్తయ్యనో పలకరించి, 'చర్మం ఎలా ఉంది?' అని అడిగాక 'నడుం ఎలా ఉంది, మోకాళ్ళు ఎలా ఉన్నాయి?' అని కూడా అడగండి. ఆమెను ఆ మాట అడిగే మొదటి మనిషి మీరే కావచ్చు.